ఎల్‌ఈడీ టీవీ ముందు బాతుల ఆట తుపాకీ ఎందుకు పనిచేయదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అటక మీద చాలా ఏళ్ళుగా పడి ఉన్న క్యాసెట్ల వీడియో గేమ్‌ను దింపి, ఏవీ వైరుతో కొత్త ఎల్‌ఈడీ టీవీకి తగిలించారు. బొమ్మ వస్తోంది, ధ్వని వస్తోంది, జాయ్‌స్టిక్‌లు రెండూ పనిచేస్తున్నాయి. ఎగిరే బాతులను కాల్చే ‘డక్ హంట్’ ఆట పెట్టి తుపాకీ ట్రిగ్గర్ నొక్కితే తెర ఒక్కసారి మిణుక్కుమంటోంది కాని, గురి ఎంత సరిగా పెట్టినా ఒక్క బాతూ పడటం లేదు, ఆటలోని కుక్క లేచి నవ్వుతూనే ఉంది. దుకాణంలో చూపిస్తే తుపాకీ చెడిపోయిందని, కొత్తది కొనాల్సిందేనని చెప్పారు. దానితోపాటు మీ మేనమామ దుబాయ్ నుంచి తెచ్చిన ప్లేస్టేషన్‌కు ఉన్న గన్‌కాన్ తుపాకీ అయినా ఈ టీవీతో పనిచేస్తుందా అని అడిగారు.

కొత్త తుపాకీ కొనవద్దు. కొన్నా అది కూడా ఇలాగే ఉంటుంది. గన్‌కాన్ కూడా ఈ టీవీ ముందు పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కినప్పుడు తెర మిణుక్కుమంటోందని మీరు రాసిన ఒక్క వాక్యంలోనే సగం రోగనిర్ధారణ ఉంది: ట్రిగ్గర్ లోపలి స్విచ్చి, వైరు, పిన్ను, గేమ్ పెట్టెలోని సాకెట్ అన్నీ బాగున్నాయని, నొక్కిన సంగతి ఆటకు చేరుతోందని అది చెబుతోంది. ఆటకు చేరనిది ఒక్కటే, తుపాకీ తెర మీద వెలుతురును చూసిందన్న కబురు. ఆ కబురు ఎందుకు అందడం లేదో తెలియాలంటే వెలుతురు ఎటు నుంచి ఎటు ప్రయాణిస్తుందో ముందు తెలియాలి.

తుపాకీ గొట్టం నుంచి కంటికి కనబడని కిరణమేదో బయలుదేరి టీవీ అద్దానికి తగులుతుందని చిన్నప్పుడు మనమందరం నమ్మాం. నిజానికి ఆ తుపాకీ నుంచి ఏమీ బయటకు రాదు. గొట్టం చివర ఒక చిన్న కటకం, దాని వెనుక వెలుతురు పడితే విద్యుత్తు పారే ఒక చిన్న భాగం ఉంటాయి, అంతే. తెర నుంచి వచ్చిన వెలుతురే తుపాకీలోకి పోతుంది. అయితే మన చిన్ననాటి నమ్మకం పూర్తిగా నిరాధారమైనదేమీ కాదు, ఎందుకంటే టీవీల కాలానికి ముందు ఈ ఆటలు సరిగ్గా అలాగే ఉండేవి. అమెరికాలో సీబర్గ్ కంపెనీ 1936లో తెచ్చిన రే-ఓ-లైట్ అనే ఆటలో తుపాకీయే వెలుతురును చిమ్మేది, కదిలే బాతు బొమ్మలో దాన్ని గుర్తించే ఫోటోసెల్ ఉండేది. నింటెండో కంపెనీ 1970లో జపాన్‌లో అమ్మిన కాంతి తుపాకీ ఆటవస్తువులు కూడా ఆ పద్ధతివే; ఆ కంపెనీలో పనిచేసిన గున్‌పెయ్ యొకోయి రూపొందించిన వాటిలో గురిబొమ్మ లోపల సౌర ఘటాలు అమర్చారు. టీవీ వచ్చాక ఈ అమరిక తలకిందులైంది. కోట్ల ఇళ్ళలో ఉన్న టీవీ అద్దాల వెనుక సౌర ఘటాలు బిగించడం ఎవరి తరమూ కాదు కనుక, కన్ను తుపాకీలోకి వచ్చింది, వెలుతురు ఇచ్చే పని టీవీకి పోయింది. 1972లో మాగ్నవాక్స్ కంపెనీ ఓడిస్సీ అనే గేమ్ యంత్రంతోపాటు విడిగా అమ్మిన రైఫిల్ ఇంట్లో ఆడే గేములలో ఈ పద్ధతికి మొదటిది. దానికి ఏ వెలుతురైనా ఒకటే కావడంతో, తెరను వదిలేసి గదిలోని దీపం వైపు గురిపెట్టి కాల్చినా గురి తగిలినట్టే లెక్క వేసుకునేది.

మన ఇళ్ళలో 1990లలోనూ ఆ తరువాతా ఆడిన క్యాసెట్ల గేములలో అత్యధిక భాగం నింటెండో 1983లో జపాన్‌లో విడుదల చేసిన ఫ్యామికామ్ అనే గేమ్ యంత్రానికి నకళ్ళు. కాబట్టి మీ ప్లాస్టిక్ తుపాకీ ఏ ఆకారంలో ఉన్నా, దాని మీద ఏ పేరు ఉన్నా, పని మాత్రం నింటెండో తుపాకీ చేసే పనే. జపాన్‌లో 1984లో రివాల్వర్ రూపంలో వచ్చిన ఆ తుపాకీనే మరుసటి ఏడాది అమెరికాలో బూడిద రంగులో, జాపర్ అనే పేరుతో అమ్మారు. అక్కడ ఆట తుపాకీలు అసలు తుపాకీలలా కనబడకూడదన్న నిబంధనల వల్ల 1980ల చివరికి దాని రంగు నారింజకు మారింది. మన దగ్గర అటువంటి పట్టింపు లేనందున నల్లవి కూడా వచ్చాయి.

ఇప్పుడు అసలు విషయం. ట్రిగ్గర్ నొక్కగానే ఆట ఒక ఫ్రేమ్ (తెర మీద ఒక్కసారి గీసే బొమ్మ) కాలం పాటు తెర మొత్తాన్ని నలుపు చేస్తుంది. తరువాతి ఫ్రేమ్‌లో బాతు ఉన్నచోట తెల్లని పెట్టె ఒకటి గీస్తుంది. నలుపులో ఏమీ కనబడకుండా, ఆ వెంటనే తెలుపు కనబడితే బాతు పడినట్టు. నలుపు ఫ్రేమ్‌లోనే వెలుతురు కనబడితే ఆటగాడు దీపం వైపు గురిపెట్టాడని అర్థం, ఆ దెబ్బ చెల్లదు. ఓడిస్సీ నాటి మోసానికి ఇది విరుగుడు. రెండు బాతులు ఉన్న ఆటలో మొదటి బాతుకు ఒక ఫ్రేమ్, రెండవ బాతుకు మరొక ఫ్రేమ్ విడివిడిగా కేటాయిస్తుంది. తెలుపు ఏ ఫ్రేమ్‌లో కనబడిందన్న దానిని బట్టి ఏ బాతు పడిందో తేలుతుంది. మన టీవీలు వాడిన పాల్ (PAL) అనే పద్ధతిలో సెకనుకు 50 ఫ్రేములు, అంటే ఒక్కొక్కటి 20 మిల్లీసెకన్లు. ఒక నలుపు, రెండు తెలుపులు కలిపినా 60 మిల్లీసెకన్లలో వ్యవహారం ముగిసిపోతుంది. నమ్మకం కుదరకపోతే మీ ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి తెరను వీడియో తీయండి, తెల్లని పెట్టెలు విడిగా కనబడతాయి.

ఇంతవరకు చాలా మందికి తెలుసు. జాపర్‌లో ఉన్న రెండవ కిటుకు గురించి తక్కువ మందికి తెలుసు, మీ కొత్త టీవీ దెబ్బతీసిన వాటిలో అది కూడా ఒకటి. పిక్చర్ ట్యూబ్ టీవీలో బొమ్మ మొత్తం ఒకేసారి వెలగదు. ఎలక్ట్రాన్ పుంజం ఒకటి పై నుంచి కిందికి గీత తరువాత గీతగా తెరను గీస్తూ పోతుంది, అది తాకిన చోట ఫాస్ఫర్ పూత భగ్గున వెలిగి వెంటనే మసకబారుతుంది. ఆ గీతలు గీసే వేగం పాల్ పద్ధతిలో సెకనుకు 15,625, అమెరికా, జపాన్ పద్ధతిలో సుమారు 15,734. అంటే తెల్లని పెట్టె వైపు గురిపెట్టిన తుపాకీ కంటికి నిలకడైన తెలుపు కాక, ఒక్కొక్క గీత గడిచినప్పుడల్లా ఒక్కొక్క వెలుగు దెబ్బ చొప్పున, సెకనుకు సుమారు పదిహేను వేల లెక్కన కొట్టుకునే వెలుతురు కనబడుతుంది. జాపర్ లోపలి సర్క్యూట్‌ను రేడియోలో స్టేషన్ పట్టినట్టు సరిగ్గా ఆ వేగానికి ట్యూన్ చేశారు. కిటికీలోంచి వచ్చే ఎండ, గదిలోని బల్బు ఎంత ప్రకాశించినా వాటికి ఆ వేగపు కొట్టుకోలు లేదు కనుక తుపాకీ వాటిని లెక్కచేయదు. చవకగా చేసిన నకలు తుపాకీలు కొన్నిటిలో ఈ ట్యూనింగ్‌ను వదిలేశారు, అవి ఏ వెలుతురుకైనా స్పందిస్తాయి. మీది ఏ రకమో విప్పి చూస్తే గాని చెప్పలేను.

ఎల్‌ఈడీ టీవీ అని మనం పిలిచేది, వెనుక ఎల్‌ఈడీ దీపాలు పెట్టిన ఎల్‌సీడీ పలక. అందులో గీసుకుంటూ పోయే పుంజం లేదు, వెనుక దీపం వెలుగుతూనే ఉంటుంది, పలకలోని చుక్కలు దాన్ని ఆపడమో వదలడమో చేస్తాయి. పదిహేను వేల చొప్పున కొట్టుకునే వెలుతురు ఎక్కడా లేదు కాబట్టి, ట్యూనింగ్ ఉన్న తుపాకీకి మీ టీవీ తెల్లని తెర కూడా చీకటితో సమానం. ఇది మొదటి అడ్డంకి. రెండవది ఆలస్యం, ఇది ట్యూనింగ్ లేని చవక తుపాకీలను కూడా వదలదు. పిక్చర్ ట్యూబ్‌కు జ్ఞాపకం లేదు, వైరులో వచ్చిన సంకేతాన్ని వచ్చిన క్షణంలోనే గీసేస్తుంది. కొత్త టీవీ అలా కాదు. ఫ్రేమ్‌ను ముందు దాచుకుంటుంది, దాన్ని మామూలు టీవీ ప్రసారంలాంటి సగం సగం బొమ్మగా పొరబడి పక్క ఫ్రేమ్‌తో కలుపుతుంది, తన పలక కొలతకు సాగదీస్తుంది, రంగులు సరిచేస్తుంది, ఆ తరువాతే చూపిస్తుంది. ఇదంతా కొన్ని పదుల మిల్లీసెకన్ల పని. ఆట మాత్రం తెలుపు పంపిన 20 మిల్లీసెకన్లలోనే తుపాకీని అడిగి, లేదన్న జవాబు తీసుకుని, కుక్కను నవ్వించడానికి వెళ్ళిపోతుంది. విస్తరి ఎత్తేశాక వడ్డనకు వచ్చినట్టు, అప్పుడు తెల్లని పెట్టె తెర మీదికి వస్తుంది. టీవీలో గేమ్ మోడ్ పెడితే ఈ ఆలస్యం తగ్గుతుంది కాని, ఈ తుపాకీకి కావలసినంతగా తగ్గదు, పైగా మొదటి అడ్డంకి అలాగే ఉంటుంది.

ఈ విషయం తెలియక నేనే ఒకసారి భంగపడ్డాను. ఇటువంటి గేములను బాగుచేయడం మొదలుపెట్టిన కొత్తలో ఒకాయన తెచ్చిన తుపాకీలో వెలుతురు భాగాన్ని రెండుసార్లు మార్చాను, వైరు మార్చాను, చివరికి మరొక తుపాకీ నుంచి సర్క్యూట్ మొత్తం తీసి వేశాను. నా బల్ల మీది చిన్న ట్యూబ్ టీవీలో ప్రతిసారీ బాతులు టపటపా పడేవి, ఆయన ఇంటికి తీసుకెళ్ళి ఫోన్ చేస్తే పడటం లేదనేవారు. నాలుగోసారి నేనే వాళ్ళ ఇంటికి వెళ్ళి గోడకు వేలాడుతున్న పలుచని టీవీని చూశాక గాని నాకు తెలిసిరాలేదు. తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేశాను. అందుకే మీ దుకాణదారు మోసం చేస్తున్నాడని నేను అనను, ఆయనకూ తెలియకపోవచ్చు.

మీ పాత పెట్టె, పాత తుపాకీతోనే ఆడాలని ఉంటే దారి ఒక్కటే, ఒక పిక్చర్ ట్యూబ్ టీవీ సంపాదించడం. 14 అంగుళాలదైనా 21 అంగుళాలదైనా చాలు. బంధువుల ఇళ్ళలో, పాత సామాన్లు కొనేవారి దగ్గర ఇప్పటికీ దొరుకుతాయి, చాలా మంది ఊరికే ఇచ్చి సాగనంపుతారు. అద్దం ఉబ్బుగా ఉందా, చదునుగా ఉందా అన్నది ముఖ్యం కాదు. చూడవలసింది వేరు: ట్యూబ్ టీవీల చివరి రోజుల్లో ఖరీదైనవి కొన్ని 100 హెర్ట్జ్ అని రాసి వచ్చాయి, అవి మాత్రం వద్దు. బొమ్మ మిణుకు తగ్గించడానికి అవి కూడా ఫ్రేమ్‌ను దాచుకుని రెట్టింపు వేగంతో గీస్తాయి, కనుక వాటి ముందు కూడా తుపాకీ గుడ్డిదే. మామూలు 50 హెర్ట్జ్ టీవీ, వెనుకో ముందో ఏవీ సాకెట్ ఉన్నది తెచ్చుకోండి. ఒక హెచ్చరిక కూడా చేయాలి. ట్యూబ్ టీవీ వెనుక మూతను మీరుగా విప్పవద్దు, లోపల ట్యూబ్‌కు ఇరవై వేల వోల్టుల పైచిలుకు పోతుంది, ప్లగ్ తీసేసిన తరువాత కూడా అందులో విద్యుత్తు నిలిచి ఉంటుంది.

ఆ టీవీ ముందు కూడా బాతులు పడకపోతే అప్పుడు తుపాకీని అనుమానించండి. టీవీ వెలుతురు, కాంట్రాస్ట్ పెంచి చూడండి, ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల దూరంలో నిలబడండి. గొట్టంలోని కటకం మీద ఇన్నేళ్ళ దుమ్ము పేరుకుని ఉంటుంది, పిడి స్క్రూలు విప్పి మెత్తటి గుడ్డతో తుడిస్తే సగం తుపాకీలు లేచి కూర్చుంటాయి. వైరు పిడిలోకి పోయే చోట పిల్లల లాగుడుకు లోపలి తీగలు తెగడం మామూలే. వెలుతురు పట్టే భాగం పాడవడం చాలా అరుదు. ఒక మాట, చిన్నప్పుడు మనమందరం చేసినట్టు తుపాకీని అద్దానికి ఆనించి కాలిస్తే అది సరైన పరీక్ష కాదు. దూరం పెరిగే కొద్దీ తుపాకీ కంటికి కనబడే వృత్తం పెద్దదవుతుంది కనుక, గురి కాస్త అటూ ఇటూ అయినా పడుతుంది.

ఇక మీ మేనమామగారి గన్‌కాన్ గురించి. నామ్కో కంపెనీ 1997లో ప్లేస్టేషన్‌కు ‘టైమ్ క్రైసిస్’ ఆటతోపాటు తెచ్చిన ఈ తుపాకీ జాపర్ కన్నా ఎంతో తెలివైనది. జాపర్ చెప్పగలిగింది తెలుపు కనబడిందా లేదా అన్న ఒక్క ముక్కే. సెగా కంపెనీ 1986లో తెచ్చిన లైట్ ఫేజర్, నింటెండో 1992లో భుజం మీద పెట్టుకునే బజూకాలా తెచ్చిన సూపర్ స్కోప్ వంటివి మరొక అడుగు ముందుకు వేశాయి. పుంజం తుపాకీ చూస్తున్న చోటును దాటిన క్షణాన్ని పట్టుకుంటే, అప్పటికి అది ఎన్నవ గీతలో, గీతలో ఎంత దూరంలో ఉందో లెక్కవేయవచ్చు. ఒక గీతకు 64 మైక్రోసెకన్లు. సెకనులో పది లక్షల వంతును కొలవగలిగితే తెర మీద చోటు తెలిసినట్టే. ఈ పద్ధతిలో లక్ష్యాలు ఎన్ని ఉన్నా ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఫ్రేమ్ వృథా చేయనక్కరలేదు. సూపర్ స్కోప్‌ను వైర్లు లేకుండా చేసి, ఆరు పెన్సిల్ సెల్లులు మింగేలా తయారు చేయడం మాత్రం నాకెప్పుడూ తెలివైన పనిగా అనిపించలేదు. లెక్కవేసే పని సెగా, నింటెండో యంత్రాలలో గేమ్ పెట్టెలోని బొమ్మ చిప్ చేసేది. గన్‌కాన్ మాత్రం తన లెక్కను తానే వేసుకుంటుంది, దానికోసం టీవీకి పోయే పసుపు పిన్ను సంకేతాన్ని మధ్యలో తానూ తీసుకుంటుంది. ఆ తుపాకీకి అదనంగా వేలాడుతున్న పసుపు పిన్ను ఎందుకో మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది. దాన్ని తగిలించకపోతే ట్యూబ్ టీవీ ముందు కూడా తుపాకీ పనిచేయదు, ఆ పిన్ను తగిలించని వాళ్ళు దాన్ని చెడిపోయిందనుకుని పారేయడం నేను చూశాను. పుంజం మీదే ఆధారపడినది కాబట్టి, పుంజమే లేని మీ ఎల్‌ఈడీ టీవీ ముందు గన్‌కాన్‌కు చూడటానికి ఏమీ లేదు. 2001లో ప్లేస్టేషన్ 2కు వచ్చిన రెండవ గన్‌కాన్‌దీ అదే స్థితి. 2007లో వచ్చిన మూడవది మాత్రం పలుచని టీవీల కోసమే, టీవీ మీద ఇరువైపులా పరారుణ దీపాలు పెట్టుకుని వాటి ఆధారంగా గురి లెక్కవేస్తుంది, కాని అది ప్లేస్టేషన్ 3కే పరిమితం.

పాత పెట్టెతో పని లేదు, గోడ మీది పెద్ద టీవీలోనే పిల్లలతో తుపాకీ ఆట ఆడాలి అంటారా, అప్పుడు దారి వేరు. 2006లో వచ్చిన నింటెండో వీ యంత్రం రిమోట్ చివర కెమెరా ఉంటుంది, టీవీ దగ్గర పెట్టే పట్టీలో ఉన్నవి రెండు గుంపుల పరారుణ దీపాలు మాత్రమే. దాన్ని సెన్సర్ బార్ అని పిలిచినా అది దేన్నీ గ్రహించదు. దాని బదులు రెండు కొవ్వొత్తులు వెలిగించి పెట్టినా రిమోట్ పనిచేస్తుంది. అయితే రెండు చుక్కలతో వచ్చేది అచ్చమైన గురి కాదు, తెర మీద కదిలే గుర్తును చూసుకుంటూ కాల్చాలి. నింటెండో 2014 చివరలో డక్ హంట్‌ను వీ యూ యంత్రానికి తిరిగి తెచ్చినప్పుడు ఆడించింది ఈ రిమోట్‌తోనే. తెర చుట్టూ నాలుగు పరారుణ దీపాలు పెట్టే గన్‌ఫర్‌ఐఆర్, బొమ్మ చుట్టూ తెల్లని చట్రం గీసి తుపాకీలోని కెమెరాతో దాన్ని చూసే సిండెన్ వంటివి ఇప్పుడు అసలు గురిని దాదాపు తిరిగి తెచ్చాయి. చట్రం ఏ కోణంలో వంకరగా కనబడుతోందో చూసి, తుపాకీ ఎక్కడ నుంచి ఎటు చూస్తోందో అది లెక్కవేస్తుంది, టీవీ ఏ రకమన్నది దానికి అనవసరం. ఇవన్నీ కంప్యూటర్‌కు తగిలించి పాత ఆటలను అందులో నడిపించుకోవడానికి ఉద్దేశించినవి, మీ క్యాసెట్ల పెట్టెకు నేరుగా తగలవు. విదేశాల నుంచి తెప్పించుకోవాలి, ఖర్చు కూడా బాగానే అవుతుంది. సోల్డరింగ్ తెలిసినవారు కొందరు పాత జాపర్‌లోని ట్యూనింగ్ తీసేసి, ఆటలో కూడా టీవీ ఆలస్యానికి సరిపడా నిరీక్షణ చేర్చి ఎల్‌సీడీ ముందు ఆడి చూపించారు, కాని ఒక్కొక్క ఆటను విడిగా మార్చుకోవాలి కాబట్టి మీకు దాన్ని సూచించను.

ఏది ఎంచుకోమంటారని నన్ను అడిగితే, మీ దగ్గర అన్నీ ఉన్నాయి కనుక ఖర్చు లేని ట్యూబ్ టీవీనే అంటాను. అది దొరికాక ఒక పని చేయండి. డక్ హంట్‌లో ఒక బాతు ఎగిరే మొదటి రకం ఆట పెట్టి, తుపాకీ మీ అబ్బాయికి ఇచ్చి, మామూలు జాయ్‌స్టిక్ మీరు పట్టుకోండి. ఆ బాతును ఎటు కావాలంటే అటు మీరు ఎగిరించవచ్చు. ఈ సంగతి తెలియకుండానే మనలో చాలా మంది ఏళ్ళ తరబడి ఆ ఆట ఆడాం.